గుడ్డు తేలింది, గింజ మునిగింది

ఆ ఉదయం ఆరుద్ర మబ్బు కొండ దిగి వచ్చి, ఒక్క చినుకైనా రాల్చకుండా ఊరి నెత్తిన కూర్చుంది. వంటింటి గుమ్మంలో నేనూ అలాగే కూర్చున్నాను.

నేను ఒక గాజు సీసాను. పెద్ద నోరు, కాస్త పచ్చదనం తిరిగిన ఒళ్లు. ఇసుకను నిప్పుల్లో కరిగించి నన్ను చేశారు. మొదట ఒక కొట్టులో పిప్పరమెంటు బిళ్లలు మోశాను. పిల్లలు నాకు ముక్కులు ఆనించి నిలబడేవారు. కొట్టు మూతపడ్డాక ఒక టీచరమ్మ ఇంట్లో ఉసిరికాయ పచ్చడి మోశాను. ఆవిడ బదిలీ మీద పోతూ నన్ను పైడమ్మకిచ్చింది. ఇన్ని చేతులు మారాను, అందరూ నాలోంచి చూశారే గానీ నన్నెవరూ చూడలేదు. బాధేం లేదు. గాజు పని అదే.

పైడమ్మ ఇంట నాకు ఏడాదికొక్క పని, విత్తనం పరీక్ష. ఈసారి ఆ పరీక్షంటే అందరికీ భయం. కోతలప్పుడు వాన పట్టి వరి కుప్పలు తడిశాయి. విత్తనానికి మిగిలింది ఒక్క బస్తా. పైడమ్మ మామగారి నాటి ఎర్రగింజ, ఈ ఇంట తప్ప ఇంకెక్కడా లేదు. అది లోపల గుల్లై తాలైపోతే ఆ రకం ఇక లేనట్టే.

పైడమ్మ నాలో నీళ్లు పోసి కోడిగుడ్డు వేసింది. మనవరాలు హేమ నాకు ముక్కు ఆనించింది.

"మునిగిపోనాది మామ్మా!"

"మునగనీ. ఉప్పు పడితే నీళ్లు బరువెక్కుతాయి. అప్పుడు అవే ఎత్తుతాయి, సూడు."

కల్లుప్పు వేసి కలిపింది. గుడ్డు మెల్లగా లేచి, రూపాయి బిళ్లంత బోడితల బయటపెట్టింది.

"అంతే, సాలు. ఈ నీళ్లల్లో గట్టిగింజ మునుగుతాది, తాలు తేలుతాది."

గుడ్డు తీసి పక్కన పెట్టి, బస్తా విప్పడానికి వెళ్లింది. ఇంతలో కోడలు సింహాచలం వచ్చి నాలో దోసెడు ఉప్పు పోసి కలిపి వెళ్లింది. ఆ వెనకే హేమ రెండు గుప్పెళ్లు వేసింది. ఈ ఇంట్లో ఉప్పు వేశారా అని ఒకరినొకరు అడిగే అలవాటు లేదు. నేను చూశాను. చూడటం వరకే నాకు వచ్చు.

కొడుకు గౌరినాయుడు గుప్పెడు గింజలు తెచ్చి నాలో పోశాడు. దాదాపు అన్నీ పైనే నిలిచాయి. అతను వాటిని వేలితో కిందికి అదిమి చూశాడు.

"అయిపోనాది. మిల్లుకి తోలీసి, బియ్యం సేసుకుని తినీడమే."

పైడమ్మ గింజలు దేవి, గుడ్డును మళ్లీ నాలో వదిలింది. అది పక్కకి ఒరిగి, పొట్ట బయటపెట్టి హాయిగా పడుకుంది.

"ఇయి నీళ్లా, సముద్రమా? ఉప్పెవులేసినారు?"

"మీరెయ్యలేదనుకుని దోసెడేసినాను అత్తా."

"నాను రెండు గుప్పెళ్లే మామ్మా. గుడ్డు ఇంకా పైకొస్తాదని..."

గౌరినాయుడు తల పట్టుకున్నాడు. "కూరకే అనుకున్నాను. ఇత్తనానికీ ఇదే కర్మా!"

పైడమ్మ నాలోంచి కొంత వంపి మంచినీళ్లు పోసింది. గుడ్డు దిగింది, దిగింది, బోడితల మాత్రం మిగిలింది. గుడ్డు తీసి, గింజలు మళ్లీ పోసింది. నలుగురూ నా మీదికి వంగారు. గింజలు ముందు తటపటాయించాయి. తర్వాత ఒక్కొక్కటే తిరుగుతూ నా అడుగుకి దిగాయి. పైన కాసిని తాలు మిగిలాయి.

గౌరినాయుడు గడప మీద కూలబడ్డాడు. "ఇత్తనం ఉన్నాదమ్మా," అన్నాడు. అంతే అన్నాడు.

మునిగిన గింజల్ని పైడమ్మ రెండుసార్లు మంచినీళ్లలో కడిగింది. ఉప్పు నిలిస్తే మొలక రాదు. మిగతా బస్తా కోసం గంగాళంలో అలాగే ఉప్పునీళ్లు కలిపారు. తాలు కోళ్లకి వేశారు. చూరు మీద మొదటి చినుకు పడింది.

మధ్యాహ్నం నలుగురూ నా ఎదుటే కూర్చున్నారు. ఆ గుడ్డును ఉడకబెట్టి, సింహాచలం దారంతో నాలుగు ముక్కలు కోసింది. ఆ పూట పప్పులో ఉప్పు ఎవరూ వెయ్యలేదు. మొదటి ముద్దకే నలుగురికీ తెలిసింది. ఎవరూ ఏమీ అనకుండా, ఆకులు తుడుచుకుని తిన్నారు.