బూజుకి వంట

ఆమె రోజుకి రెండుసార్లు అన్నం వండేది. పొద్దున ఇంట్లో మనుషులకి, పదిగంటలకి ప్రయోగశాలలో బూజుకి. ఇక్కడ మెత్తగా ఉండాలి, అక్కడ మెతుక్కి మెతుకు అంటకూడదు. రెండుచోట్లా మెచ్చుకున్న నాథుడు లేడు గానీ, బూజు మాత్రం ఏనాడూ వంక పెట్టలేదు.

"లోకంలో కోడళ్ళు బూజు దులుపుతారు, మా కోడలు పెంచుతుంది," అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది.

ఆ బూజు అల్లాటప్పా బూజు కాదు. అన్నం మీద పాకి మెతుకులని ఎర్రగా పండిస్తుంది. మిఠాయిలకీ మందుబిళ్ళలకీ ఆ రంగే. ఆ ఎరుపు ఇంకా చిక్కబడాలని ఆమె పదకొండేళ్ళుగా దాని బీజాలని కంటికి ఆనని వెలుగుతో మాడ్చేది. వెయ్యికి తొమ్మిదివందల తొంభై చచ్చేవి. మిగిలిన పదిలో బాగా ఎర్రబడ్డదాన్ని ఏరి, మళ్ళీ ఆ వెలుగులోకే తోసేది.

పని చేస్తూ గొణుక్కునే అలవాటు ఆమెకి. ఇంట్లో మింగిన జవాబులన్నీ ఆ సీసాల ముందు కక్కేది. కిందటేడు జలుబు చేసి వారంపాటు గొంతు పోయింది. సీసాలన్నీ పాలిపోయాయి. అనుమానమొచ్చి, ఒక అరలో సీసాలకి మాటలు చెప్పి, రెండో అర దగ్గర నోరు మూసుకుని చూసింది. నమ్మితే నమ్మండి, రెండోది ఉతికిన పంచెలా తెల్లగానే ఉండిపోయింది. మొదటి అరలో ఎరుపంతా ఆమె నిలబడే వైపే పేరుకుంది, చెవి ఒగ్గినట్టు.

మొన్న ప్రయోగశాల పెద్దసారు పిలిచాడు. "ఈ ఎరుపంతా నీ చేతి చలవమ్మా! ఇక కనిపెట్టినవాళ్ళ పేరంటావా, నాది పెట్టేద్దాం. నీకెందుకా తలనొప్పి? పద్ధతంతా కాగితం మీద రాసిచ్చెయ్."

ఆదివారం మధ్యాహ్నం వడ్డిస్తూ ఆ సంగతి ఇంట్లో చెప్పింది. మొగుడు కంచంలోంచి తలెత్తలేదు.

"మంచిదేగా. రాసిచ్చేసి మానెయ్. అమ్మకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అయినా నువ్వక్కడ వెలగబెట్టేదేముంది, వంటేగా?"

"అదీ బూజుకి," అంది అత్తగారు.

ఎప్పటిలాగే ఆమె జవాబు మింగబోయింది. అంతలో అతని కంచంలో, పొగలు కక్కే తెల్లటి అన్నం అంచున, ఒక మెతుకు ఎర్రబడింది. దాని పక్క మెతుకు. ఆ పక్కది. ఎరుపు మెల్లగా ఆమె నిలబడిన వైపుకి జరిగి, అక్కడ ఆగి, కాచుకుంది.

"ఏమిటే ఇది?" మొగుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆమె గరిటె పక్కన పెట్టింది. గొంతు సవరించుకుంది.

"నేను మాననండీ. కాగితం మీద పేరు కూడా నాదే రాస్తాను. ఇక మిగతా జవాబులు, పదకొండేళ్ళవి ఉన్నాయి. లేవకండి, అది వింటోంది."