మార్చి నెల మొక్కలు

ఆదివారం పొద్దున ఎనిమిదికల్లా పెద్దమండ్యం దాటాక ఒక పల్లె ముందు కంపెనీ బస్సు ఆగింది. ఆకుపచ్చ టీషర్టులు వేసుకున్న నలభై మంది దిగారు. వాళ్లలో సుమలత ఒకతె. మదనపల్లె దగ్గర టమోటా గుజ్జు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఆమెది. వారానికి దొరికే సెలవు ఇదొక్కటే. ‘స్వచ్ఛంద సేవ’ అని నోటీసు అంటించారు. రానివాళ్లకు ఆబ్సెంట్ వేస్తామని దాని కిందే రాశారు. చూశారా, స్వచ్ఛందం ఎంత బాగుందో!

ఆ పల్లె సుమలత పుట్టినూరే.

కంపెనీవాళ్లు ఏటా లెక్క చూపాల్సిన సేవా గంటలు మార్చి ముగిసేలోపు పూర్తి కావాలట. అందుకని రెండు వందల మొక్కలు దించారు. ఆ మెట్టనేలలో మార్చిలో నాటిన మొక్క ఏమవుతుందో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఎవరూ అడగలేదు.

మొక్కలు పెట్టడం అయింది. నీళ్లు కావాలి. ఆఫీసరు గౌతమ్‌కు దారి పక్కన పశువుల తొట్టి కనిపించింది.

“ఆ నీళ్లే పోయండి. ఫోటోలో మన్ను తడిగా కనిపించాలి.”

నలుగురు బకెట్లు ముంచారు. మేకల్ని తోలుకొస్తున్న కెంపమ్మ దూరం నుంచే కేకేసింది. ఆమె సుమలత తల్లి.

“ఏమప్పా! యాల ముంచుతాండారు? ట్యాంకరు మూడు దినాలకొకసారి వస్తాది. నా మేకలు ఏం తాగాల, మీ ఫోటోలా?”

“ఒక్కరోజేనమ్మా, సర్దుకో” అన్నాడు గౌతమ్ నవ్వుతూ.

కెంపమ్మ తొట్టికి అడ్డంగా నిలబడింది. వచ్చే నెలలో సుమలత కాంట్రాక్టు మళ్లీ రాయాలి. సంతకం పెట్టేది ఈ గౌతమే. అయినా ఆమె నడిచి వెళ్లి తల్లి పక్కన నిలబడింది.

“బకెట్టు కింద పెట్టు యువరాజన్నా” అంది తోటి పనివాడితో.

“పిచ్చా నీకు? సారు సూస్తాండాడు!”

“సూడనీ.”

గౌతమ్ దగ్గరకు వచ్చాడు. “సుమలతా, ఆబ్సెంట్ రాస్తాను. కాంట్రాక్టు సంగతి గుర్తుందా?”

“రాసుకోండి సార్. ఈ ఎండకి మొక్క బతకదని నిన్న పేర్ల లిస్టు రాసేటప్పుడే చెప్పినా. మీరు యాడ విన్నారు? చచ్చిపోయే మొక్కల కోసం బతికుండే మేకల నోటికాడి నీళ్లు తీయనియ్యను.”

యువరాజ్ బకెట్టుతో తొట్టి దగ్గరకు తిరిగొచ్చాడు. “పోయినేడు పుంగనూరు కాడ నాటినామే, వాటిల్లో ఒక్కటైనా ఉండాదా సార్?” అని నీళ్లు తిరిగి తొట్టిలోకి వంచేశాడు. మిగతా ముగ్గురూ వంచేశారు. మేకలు తోసుకుంటూ వచ్చి మూతులు పెట్టాయి.

గౌతమ్ ఫోన్‌లో ఆ ఐదుగురి పేర్లు ఎక్కించుకోసాగాడు.

“పని పోతాదేమో పాపా” అని గొణిగింది కెంపమ్మ.

“పోతే పోనీమా” అంటూ సుమలత అందరికీ వినబడేలా గొంతు పెంచింది. “వానలు పడినాక రాండి సార్. గడ్డపార నేనే తెస్తా, గుంతలు నేనే తీస్తా, ఎవరూ నోటీసు పెట్టే పన్లేదు. కానీ సేవకు వచ్చినోళ్లు ముందు ఊరోళ్లను అడగాల. అడక్కుండా చేసే సేవను ఈడ దౌర్జన్యం అంటారు!”