పన్నెండు మందిలో సగం

ఇస్త్రీ వాసన ఎక్కడ తగిలినా నాకు లెక్కలే గుర్తొస్తాయి. మా బడి ఒక లాండ్రీ పైన రెండు గదుల్లో ఉండేది. కింద యంత్రాలు తిరుగుతుంటే పైన మా బల్లలు వణికేవి. అక్షరాలు వంకరపోతే ఆ నెపం యంత్రాల మీదకే నెట్టేసేవాళ్లం. చలికాలంలో నేల గోరువెచ్చగా ఉండేది. అంత హాయైన బడి నేను మళ్లీ చూడలేదు.

మామూలు బళ్లు వద్దనుకున్నవాళ్లూ, మామూలు బళ్లను వద్దనుకున్నవాళ్లూ అక్కడ చేరేవారు. మా తరగతిలో పన్నెండు మందిమి. బస్సు కండక్టరు, ఆసుపత్రిలో పనిచేసే అక్కచెల్లెళ్లు, రాత్రి కాపలా ముగించుకుని వచ్చి ముందు బల్లలోనే కునుకు తీసే తాతగారు, ఇలా ఉండేది మా వరస. అందరికంటే చిన్నదాన్ని నేను, అప్పటికే రెండు బళ్లు ఎగ్గొట్టిన ఘనురాలిని.

నా పక్కన మా అమ్మ. నేను మధ్యలో ఉడాయించకుండా కాపలాకని వచ్చి కూర్చుంది. ఊరికే కూర్చుంటే కుదరదని టీచరమ్మ ఆమె చేతిలోనూ పుస్తకం పెట్టింది. పగలంతా బట్టలు కుట్టే మనిషి, నెల తిరక్కుండా క్లాసులో ఫస్టు. నాకు ఒళ్లు మండిపోయేది. తల్లి మార్కులతో పోల్చి తిట్లు తిన్న పిల్ల లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఆ ఏడాది విద్యాశాఖ అధికారి వచ్చాడు. విద్యార్థుల సగటు వయసు అడిగి, టీచరమ్మ చెప్పింది నమ్మలేక మళ్లీ అడిగాడు. పాత ఫలితాలు చూసి మొహం చిట్లించాడు. ఈసారి పరీక్ష రాసినవాళ్లలో సగం మందైనా గట్టెక్కకపోతే బడి మూసేస్తామని చెప్పి వెళ్లిపోయాడు.

టీచరమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. ఖాయంగా గట్టెక్కేవాళ్లు అమ్మతో కలిపి ఆరుగురు. పన్నెండు మందీ రాస్తే సరిగ్గా సగం, ఒక్కరు తడబడినా అంతే సంగతులు. మిగతావాళ్లకు వయసు మీద పడుతోంది కాబట్టి నన్ను వచ్చే ఏడు రాయమంది. ఆ మాట చెప్పడానికి పాపం ఆవిడ చాలా తటపటాయించింది. నేను మాత్రం లోలోపల ఎగిరి గంతేశాను.

అమ్మ ఒప్పుకోలేదు.

"ఇద్దరం రాస్తాం టీచరమ్మా. లేదంటే ఇద్దరం మానేస్తాం."

టీచరమ్మ మళ్లీ వేళ్లు మడిచింది. మేమిద్దరం మానేస్తే పదిమందిలో ఐదుగురు, అప్పుడూ సగమే. ఇక చేసేదిలేక సరేనంది.

ఆ రోజు నుంచి అమ్మ నా పని పట్టింది. గుడ్డ ముక్కలు కత్తిరించి భిన్నాలు చూపించేది. నేను ఆవలిస్తే నెత్తిన మొట్టేది. తన పుస్తకం మూసింది మూసినట్టే ఉండేది. నీ సంగతేంటని అడిగితే తనకన్నీ వచ్చు పొమ్మనేది.

ఫలితాలు మెట్ల దగ్గర గోడకు అంటించారు. అమ్మ నా నెంబరు వెతికి పట్టుకుని, లాండ్రీవాళ్లు పని ఆపి చూసేలా కేక పెట్టింది. టీచరమ్మ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఆరు దగ్గర ఆగి, మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. బడి నిలిచింది.

అమ్మ నెంబరు నేను వెతికాను. పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ. ఎక్కడా లేదు. టీచరమ్మ వేసిన లెక్క తప్పలేదు, మనుషులే మారారు. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ అరచేత్తో నా మొహం తుడిచింది.

"ఏడుస్తావేంటే పిచ్చిదానా. బడి ఉందిగా, మళ్లీ రాస్తాను."