మెరుపు కోటు

తారు రోడ్డు వేసే ఆ ముఠాలో మనుషులు ముప్ఫై మంది, మెరుపు కోట్లు మూడు. పొద్దున్నే మేస్త్రీ ఆ మూడింటినీ చేతిమీద వేసుకుని వస్తాడు. అందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి మొహంలోకీ తేరిపార చూసి, తనకు నచ్చినవాళ్ళ భుజాలమీద సన్మానం చేసినట్టు కప్పుతాడు. మిగిలినవాళ్ళు పళ్ళు కొరుక్కుంటూ గంపలు ఎత్తుకుంటారు.

ఆ కోటు ఎందుకు? దూసుకొచ్చే బండివాడికి అక్కడ మనిషి ఉన్నట్టు కనబడడానికి. ఆ సంగతి ముఠాలో ఎవరికీ గుర్తు లేదు. కోటు వేసుకున్నవాడు మేస్త్రీకి కావలసినవాడు, లేనివాడు పనికిమాలినవాడు. వాళ్ళకు తెలిసింది అంతే. కాంట్రాక్టరుకు కావలసిందీ అదే.

ముఠాలో ఒకే ఇంటి కోడళ్ళు ఇద్దరున్నారు. పెద్ద కోడలికి ఆ కోటు మీదే ప్రాణం. పెళ్ళైన నాటినుంచి ఆమె ఈ ముఠాలోనే కంకర మోస్తోంది. నడుము వంగింది, అరచేతులు కాయలు కాశాయి, కోటు మాత్రం ఒక్కనాడూ ఒంటిమీద పడలేదు. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన తోడికోడలికేమో రాగానే కోటు తొడిగి, ఎర్రజెండా చేతికిచ్చి మలుపు దగ్గర నిలబెట్టారు. ఇక పెద్ద కోడలికి నిద్రెక్కడిది! అన్నం సయించలేదు. ఇంట్లో అత్త "చిన్నదాన్ని చూసి నేర్చుకోవే" అన్నప్పుడైతే ఒళ్ళు భగ్గుమంది.

"నిలబడి గుడ్డ ఊపడం కూడా ఒక పనేనా అత్తా?" అంది గిన్నెలు ఎత్తెత్తి పడేస్తూ.

అక్కడితో ఊరుకోలేకపోయింది. మేస్త్రీ చెవిలో వేసింది. "నీ జెండామనిషి పొద్దస్తమానం కూర్చునే ఉంటోంది మేస్త్రీ. ఒళ్ళు వంగదు మహారాణికి."

చిన్న కోడలు కూర్చున్న మాట నిజమే. చెప్పులో దూరిన రాయి తీసుకోవడానికి కూర్చుంది.

మర్నాడు మేస్త్రీ చిన్న కోడలి కోటు లాగేసి పెద్ద కోడలికి తొడిగాడు. "కోటు లేకుండానే జెండా పట్టు. బుద్ధొస్తుంది," అన్నాడు చిన్నదానితో.

ఆ రోజు పెద్ద కోడలి నడకే మారిపోయింది. గంప బరువే తెలియలేదు. కావాలని మలుపు దగ్గరే అటూ ఇటూ తిరిగింది, తోడికోడలు చూసి కుళ్ళుకోవాలని. పొద్దు వాలుతుండగా కంకర లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ములోంచే ఇంకో లారీ వచ్చి చిన్న కోడలిని గుద్దేసింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆమె కాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. లారీ డ్రైవరు కిందికి దూకి తల బాదుకున్నాడు. "మనిషి కనబళ్ళేదమ్మా! దుమ్ములో కలిసిపోయింది. మలుపుకి ముందు ఒక్క బోర్డన్నా లేదే! నిన్నటినుంచి కంటిమీద కునుకు లేదు నాకు, ఆపితే ఓనరు తంతాడు!"

కాంట్రాక్టరు నింపాదిగా వచ్చాడు. "పనివాళ్ళు కోటు వేసుకోవాలని నియమం ఉంది. వేసుకోలేదు. తప్పు ఆ పిల్లదే," అని అందరికీ వినబడేలా అన్నాడు. తర్వాత పెద్ద కోడలిని పక్కకు పిలిచాడు. "ఉక్కగా ఉందని తనే విప్పేసిందని చెప్పు. రేపట్నించి జెండా నీది. కోటూ నీదే."

సిగ్గుచేటు సంగతే గానీ చెప్పక తప్పదు, ఆ క్షణంలో కూడా ఆమె మనసు జెండా మీదికి పోయింది.

ఆస్పత్రిలో చిన్న కోడలికి కాలు తీసేశారు. పెద్ద కోడలు మంచం పక్కన తల దించుకుని నిలబడింది.

"అక్కా, నీమీద పడి ఏడ్చాను," అంది చిన్న కోడలు మెల్లగా. "ఆ కోటేసుకుని నువ్వు తిరుగుతుంటే కళ్ళు కుట్టాయి. నీ వైపే చూస్తున్నా. బండి వైపు చూళ్ళేదు."

"ముందు ఏడ్చింది నేనే. కాంట్రాక్టరు చెప్పమన్న అబద్ధం మాత్రం చెప్పను," అంది పెద్ద కోడలు.

మర్నాడు రేకుల షెడ్డులో ముఠా అంతా చేరింది. తారు కాచేవాడు ఆమెను చూడగానే లేచాడు. "నీ ఏడుపే ఆ పిల్ల కాలు తీసింది!"

"అవును. ఏడ్చాను," అంది పెద్ద కోడలు. "మీలో ఏడవంది ఎవరు? ఉంటే చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మూడు కోట్లు చూపించి ఆ కాంట్రాక్టరు మనందర్నీ ఆడించాడు. మనం రోడ్డు చూడకుండా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ చచ్చాం. నన్ను తిట్టండి, కొట్టండి, పడతాను. కానీ అందరికీ కోట్లు రావాలి. మలుపుకి చాలా ముందే బోర్డులు పెట్టాలి. మన వెనకాల ఒక లారీ అడ్డంగా నిలబెట్టాలి, వచ్చే బండి గుద్దితే దాన్ని గుద్దాలి."

"ఇన్ని అడిగితే పనిలోంచి తీసేస్తాడు," అంది గంపలు మోసే గంపలమ్మ.

"అందర్నీ తీసేస్తే రోడ్డెవడేస్తాడు, వాడి బావమరిదా?" అన్నాడు రోలరు డ్రైవరు. అంతమందీ నవ్వారు. చాన్నాళ్ళకు కలిసి నవ్వారు.

ఆ రోజు ముఠా పనిలోకి దిగలేదు, రోడ్డుమీద తారు పడలేదు. కాంట్రాక్టరు ఆగమేఘాలమీద కారులో వచ్చాడు. సీలు విప్పని కోట్ల కట్ట ఒకటి తెచ్చి రోడ్డుమీద విసిరాడు. "పది ఉన్నాయి. ముందొచ్చినవాళ్ళవే!"

అంటే ఇవి ఇన్నాళ్ళూ గోడౌనులో మూలుగుతున్నాయన్నమాట!

ఇరవై తొమ్మిది జతల కళ్ళు ఆ కట్ట మీదే ఉన్నాయి. పెద్ద కోడలి వేళ్ళు జివ్వుమన్నాయి. ఎవరైనా ఒక్క అడుగు వేస్తే తాను రెండు వేస్తుందని ఆమెకు తెలుసు. తారు కాచేవాడి కాలు కదిలింది. అతడు కట్ట దాకా వెళ్ళాడు, దాన్ని కాలితో పక్కకు నెట్టాడు, అక్కడే రోడ్డుమీద చతికిలబడ్డాడు. తర్వాత అందరూ కూర్చున్నారు.

పోలీసులు వ్యానులో దిగారు. కాంట్రాక్టరు వేలెత్తి చూపించాడు. "జెండా పిల్ల కోటు దొంగిలించింది ఇదే. అందువల్లే ప్రమాదం జరిగింది."

"మేస్త్రీ తొడిగాడు, మేమంతా చూశాం!" అని ముఠా అరిచింది. వినేవాడెవడు? పెద్ద కోడలిని జబ్బ పట్టుకుని వ్యానెక్కించారు.

అప్పుడు గంపలమ్మ చీర బిగించి లేచింది. "అదొక్కతే ఎందుకెక్కాలి? మేమేం తక్కువ తిన్నామా?"

"ప్రతిదానికీ ముందు నువ్వేనా?" అంటూ తారు కాచేవాడు ఆమెను తోసుకుని వ్యానులోకి దూరాడు. రోలరు డ్రైవరు అతడి భుజం మీదుగా ఎక్కాడు. "జరగండయ్యా, నాకు చోటేదీ?" అని వెనకాలవాళ్ళు పోట్లాడుతున్నారు. కోటు కోసం కూడా వాళ్ళు ఇంతగా ఎగబడలేదు. లాఠీలు లేచాయి. దెబ్బ తిన్నవాడు తప్పుకోలేదు సరికదా, తినని వాడు ఇంకా ముందుకు తోసుకొచ్చాడు. వ్యాను తలుపు మూతపడలేదు, బండి కదలలేదు.

వెనక లారీలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. మొదటి లారీ డ్రైవరు ఇంజను ఆపి, నిద్రలేని కళ్ళు నులుముకుంటూ కిందికి దిగాడు.

"ఏమైందన్నా?" అని అడిగాడు.

ఇరవై తొమ్మిది గొంతులు ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టాయి.