మధ్యాహ్నపు కుండ

ఇరవై మూడో బస్తా వీపు మీద ఉండగా పాపయ్యకు ఎడమ ముక్కు మూసుకుపోయింది.

అంటే ఇంకో రెండు బస్తాలు మోసేంత వ్యవధి ఉంది. అంతకు మించి ఉండదు. తొమ్మిదేండ్లుగా అదే వరుస. ముందు ముక్కు మూసుకుంటుంది. తర్వాత ఎడమ కంట్లో ఇసుక పడ్డట్టు గరగరమంటుంది. ఆ తర్వాత రెప్ప దానంతట అదే వాలిపోతుంది. రెప్ప వాలే లోపల చెక్క దిగకపోతే బస్తాతో సహా లారీ కింద పడాల్సిందే. నేల నుంచి లారీ మీదికి వేసిన ఆ చెక్క మూరెడు వెడల్పు కూడా ఉండదు.

ఇరవై మూడో బస్తా వేశాడు. ఇరవై నాలుగోది కూడా వేశాడు. ఇరవై అయిదో దానికి వంగకుండా, తలగుడ్డ తీసి ఎడమ కన్ను మీద అదుముకుని, గోదాము వెనక్కు నడిచాడు.

"అగో, లేసింది. మిలట్రోళ్ల గడియారమన్న తప్పుతదేమో గని ఈని తలకాయ తప్పదు. రెండు గొట్టంగనే పోతడు" అన్నాడు మేస్త్రి అంజన్న.

జట్టు నవ్వింది. ఎనిమిది మంది జట్టు. ఒకడు పోతే వాడి బస్తాలు మిగతా ఏడుగురి వీపుల మీద పడతాయి. అందుకని ఆ నవ్వులో నవ్వు తక్కువ.

సూర్యాపేట గంజ్‌లో, అంటే గింజల మార్కెట్లో, ఆముదాల కాలం అది. రజాకార్లు పోయి, మిలట్రీ వచ్చి నాలుగైదు నెలలయింది. బెజవాడ సడక్ మీద లారీలు మళ్లీ తిరుగుతున్నాయి. కచ్చేరీ మీద జెండా మారింది. గోదాములో మాత్రం సేటు అదే సేటు, మేస్త్రి అదే అంజన్న. పొద్దున ఊళ్ల నుంచి వచ్చిన బండ్లు దించాలి, మధ్యాహ్నం కాగానే లారీలకు ఎత్తాలి. రెండు మణుగుల బస్తాలు, మణుగుకు నలభై శేర్లు. రోజుకు పన్నెండు అణాలు, నిజాం నాణెం హాలీ సిక్కాలో.

గోదాము వెనక గోడకూ కంచెకూ మధ్య ఇరవై అడుగుల జాగా ఉంది. పాపయ్య అటు ఇరవై అడుగులు, ఇటు ఇరవై అడుగులు నడుస్తున్నాడు. బస్తాల మూతులు కుట్టే దబ్బనం ఒకటి ఎర్రగా కాల్చి కంటిగుడ్డు వెనక నుంచి గుచ్చి, ఎవరో దాన్ని తీరిగ్గా తిప్పుతున్నట్టుంది. ఆ కంట్లోంచి నీళ్లు, ఆ ముక్కులోంచి నీళ్లు. కుడి వైపు ఏమీ లేదు. కుడి కన్ను పొడిగా, చల్లగా, పక్కింటి వాడి కన్ను లాగా లోకాన్ని చూస్తూనే ఉంది. పిడికిలితో కణత మీద కొట్టుకున్నాడు. గోడకు తల ఆనించి నొక్కాడు. మళ్లీ నడిచాడు. కూర్చుంటే ఊపిరి ఆడదు. పడుకుంటే పిచ్చెత్తుతుంది. ఆ గంటసేపూ కాళ్లు ఆగితే ప్రాణం ఆగుతుందనిపిస్తుంది.

ఎవడూ నమ్మకపోవడానికి కారణం కూడా అదే. తలనొప్పి వచ్చినవాడు ముసుగు తన్ని పడుకోవాలని లోకం ఎప్పుడో తేల్చేసింది. తిరిగేవాడికి నొప్పేమిటి? పైగా ఏడాదిలో పది నెలలు రాయిలా ఉంటాడు. ఆముదాల కాలం రాగానే, పని మీద పని ఉన్న ఆ రెండు నెలలే వస్తుంది. దానికి దొంగరోగమని కాక ఇంకేం పేరు పెడతారు?

గంట తర్వాత, చేత్తో తుడిచేసినట్టు పోయింది. పాపయ్య ముఖం కడుక్కుని వచ్చాడు. అంజన్న లారీ నీడన కూర్చుని ఉన్నాడు.

"తగ్గిందార?"

"తగ్గింది మేస్త్రీ."

"కుండల జరంత మిగిలింది, తాగు. ఏడి జేసింది నీకు. కల్లు సలువ."

పాపయ్య మోదుగాకు దొప్ప పట్టాడు. అంజన్న కుండ పైకెత్తి దూరం నుంచి పోశాడు. మాలవాడ మనిషికి అందరూ అట్లాగే పోస్తారు.

చీకటి పడకముందే ఆ నొప్పి మళ్లీ వచ్చింది.

*

గంజ్‌లో అయిదు జట్లు ఉన్నాయి. ప్రతి జట్టుకూ మధ్యాహ్నం ఒక కుండ వస్తుంది. బండ్లు దింపాక, లారీలు ఎత్తకముందు, అందరూ తాగాలి. ఆ దొప్ప పట్టిన వాడు జట్టులో ఉన్నట్టు లెక్క. పట్టని వాడిని మర్నాడు పిలవరు. కూలిలో అణా కుండ కింద పోతుంది. ఈ ఆచారం ఎప్పటిదని అడిగితే తాతల నాటిదంటారు. కల్లు దుకాణం అంజన్న బామ్మర్దిది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

పాపయ్య ఆ కుండను మందనుకునే తాగేవాడు. మందుల కోసం అతను తిరగని చోటు లేదు. మొదటిసారి పోటు వచ్చింది మిర్యాలగూడలో. రెవెన్యూ అధికారి గిర్దావరు మకాం సామాను వెట్టికి మోసుకుపోయినప్పుడు. నడిబజార్లో తల పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే దయ్యమని చెట్టుకు కట్టేశారు. కట్టేస్తే ఆ మనిషికి ఎట్లా ఉంటుందో ఒక్కడూ ఆలోచించలేదు. ఒకడు కొడవలి కాల్చి కణత మీద మూడు వాతలు పెట్టాడు. వాతల పుండు మానేసరికి పోటు కాలం కూడా ముగిసింది. నయమయిందని వాతలు పెట్టినవాడు కూలి కింద కోడిని తీసుకుపోయాడు. ఏడాది తిరగ్గానే మళ్లీ వచ్చింది.

తర్వాత కోదాడ. అక్కడొక వైద్యుడు, కృష్ణ అవతలి నుంచి వచ్చినవాడు, నాడి చూసి ఆరు రూపాయలు తీసుకున్నాడు. మేకను అమ్మిన ఆరు రూపాయలు. "ఒళ్లు కాగిపోతోందయ్యా నీకు. ఆముదాల దుమ్ములో పని చేస్తే వేడి చెయ్యదూ? చలవ చెయ్యాలి. పూటపూటా కల్లు తాగు, తగ్గిపోద్ది" అన్నాడు. అప్పటి నుంచి పాపయ్య మేస్త్రి పోసినదాన్ని కళ్లకద్దుకుని మరీ తాగాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య రూతమ్మ గోడ ముందు నిలబడి ఉంది. పొయ్యిబొగ్గుతో గోడ మీద గీతలు గీసి ఉన్నాయి.

"ఇయ్యాల ఎన్నిసార్లు?"

"మూడు. తెల్లారగట్ల ఒకటి, పగలు ఒకటి, ఇందాక ఒకటి."

ఆమె మూడు గీతలు గీసింది. ఇద్దరికీ చదువు లేదు. కాని గీతలు చూడటానికి చదువెందుకు?

"గిటు రా, సూడు. ఇవి నిలువు గీతలు, తెల్లారగట్లయి. దినాం ఉన్నయి. ఇవి అడ్డగీతలు, పగటియి. గీడ సూడు, గీడ సూడు, గీడ. అడ్డగీత లేదు."

"లేకుంటే ఏంది?"

"అయి ఆదివారాలు. నువ్వు నాతోని ప్రార్థనకొచ్చిన దినాలు. గోదాముకు పోలేదు, కుండ తాగలేదు. పగలు పోటు లేదు."

పాపయ్య గోడ మీది ఖాళీలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"దేవుని దయ గావచ్చు."

"దేవునికి ఆదివారమొక్కటే దయ ఉంటదా? సోమారం ఏమయితది ఆ దయ?" అంది రూతమ్మ. "కల్లు తాగిన గంటకొస్తది నీకు. నా మాట ఇను. పోటు లేని పది నెలలు ఎంతన్న తాగు, నేనడ్డం రాను. గీ రెండు నెలలు ముట్టకు."

"పిచ్చిదానా, కల్లు సలువనే."

"సలువయితే కాలుతదేంది మరి నీకు?" అని, "కాలుతున్నది గదయ్యా" అంది మెల్లగా.

*

కుండ వద్దనే ధైర్యం పాపయ్యకు లేదు. ఇంకా నెలన్నర కాలం ఉంది. ఆ నెలన్నర కూలితోనే ఏరువాక దాకా గింజలు కొనుక్కోవాలి. రూపాయికి నాలుగు శేర్ల జొన్నలు కూడా రావడం లేదు.

అందుకని ఒక ఉపాయం చేశాడు. జట్టులో పక్కన కూర్చునే బీరయ్య కురుమ పిల్లగాడు, పాతికేండ్ల వాడు. నవ్వితే ఆపడు, తాగితే వదలడు.

"తమ్మీ, నా కల్లు నువ్వు తాగుతవా?"

బీరయ్య అటూ ఇటూ చూశాడు. "ఎందుకు పాపన్నా? సచ్చిపోతున్నవా?"

"బతుకుదామని."

"నీ దొప్పల నోరు వెట్టలే గదా?"

"వెట్టలే."

"అయితె నా దొప్పల ఒంపు. మావోళ్లకు తెలిస్తె కులానికి తప్పు గట్టిపిస్తరు. తెల్వకుంటె కల్లుకు కులమేడిది?"

పది రోజులు అట్లా జరిగింది. ఆ పది రోజుల్లో పగటి పోటు ఒక్కసారి కూడా రాలేదు. రెండు గంటలకు పాపయ్య బస్తా కింద ఉన్నాడు, మూడు గంటలకూ బస్తా కిందే ఉన్నాడు. మొదటి రోజు నమ్మలేక మాటిమాటికీ ముక్కు తడుముకున్నాడు. తెల్లవారుజాము పోటు మాత్రం వస్తూనే ఉంది. దాన్ని ఏ గీతా ఆపలేదు. కాని రూతమ్మ ఇప్పుడు పడుకొమ్మని పోరడం లేదు. అతను లేవగానే తలుపు తీసి, చల్లటి నీళ్ల ముంత అరుగు మీద పెట్టి, దారికి అడ్డం లేకుండా పక్కకు జరుగుతుంది. ఆ గంట తిరిగితే తెల్లారుతుంది. పగలంతా మనిషి మనిషిగా ఉంటాడు.

రోజూ గంటసేపు మాయమయ్యే మనిషి పది రోజులుగా మాయం కావడం లేదన్న సంగతి అంజన్న గమనించలేదు. గమనించాల్సిన అవసరం అతనికి లేదు. బస్తాలు తగ్గిన రోజు పాపయ్య కూలిలో కోసే రెండు అణాలకే అతని కన్ను అలవాటు పడింది.

పదకొండో రోజు బీరయ్య చెక్క మీద నుంచి పడ్డాడు. రెండు దొప్పల కల్లు, నడినెత్తిన ఎండ, వీపు మీద రెండు మణుగులు. బస్తా పగిలి ఆముదాలు దుమ్ములో కలిసిపోయాయి. కుడి చీలమండ అక్కడికక్కడే కుండంత వాచింది. ఎముక కట్టేవాడు వచ్చి వెదురు బద్దలు పెట్టి బిగించాడు. ఆ నొప్పిలో, అంజన్న రెండు గదిమింపులకే, బీరయ్య అంతా చెప్పేశాడు.

"ఆని దొప్పల కల్లు తాగినవార నువ్వు? కురుమోనివేనా?" అన్నాడు అంజన్న.

బీరయ్య తలగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

ఆ రాత్రి పాపయ్య అన్నం ముట్టలేదు. "ఆనికి పెండ్లయి ఏడాది గూడ గాలె. నా పోటు తీస్కపోయి ఆని కాలుకు పెట్టిన" అన్నాడు. రూతమ్మ కంచం మీద మూత పెట్టింది. అబద్ధమయితే కాదనేది.

*

మర్నాడు మధ్యాహ్నం కుండ వచ్చేసరికి అయిదు జట్ల వాళ్లూ మూగారు. ఏదో జరుగుతుందని గంజ్‌లో వాసన పాకింది. బీరయ్య కాలు చాపుకుని గోడవారన ఖాళీ గోనెలకు మాసికలు వేస్తున్నాడు. ఆ పనికి సేటు నాలుగు అణాలిస్తానన్నాడు. దాన్ని తన ఖాతాలో ధర్మం పద్దు కింద రాయించుకున్నాడు కూడా.

అంజన్న మొదటి దొప్ప పాపయ్యకే చాపాడు.

"పట్టు. అందరి ముంగట తాగు."

"నాకు పడదు మేస్త్రీ. తాగిన గంటకు పోటు లేస్తది. పది రోజులు తాగలే, పది రోజులు పగటిపూట రాలే. నువ్వే సూసినవ్, ఒక్క బస్తా తగ్గలే."

"కల్లు పడదట. నీ అయ్యకు పడలేదా? నీ తాతకు పడలేదా?"

"ఆళ్లకు గీ పోటు లేకుండె."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంజన్న ఆ దిక్కు చూడగానే ఆగిపోయింది. అతను గొంతు తగ్గించాడు. జట్టును పదిహేనేండ్లు నడిపిన మనిషి. ఎప్పుడు తగ్గాలో తెలుసు.

"సరే తీ. కడుపులకు పోనియ్యకు. పెదవికి అంటిచ్చి కింద వెట్టు. కట్టుబాటు కట్టుబాటే, నీ తల నీ తలే. అణా ఎప్పటి లెక్కనే. గంతే. లొల్లి ఖతం."

ఎంత సులువు. పెదవి తడిస్తే పోటు రాదు. నెల రోజుల పని ఉంటుంది. పాపయ్య చెయ్యి కొంచెం లేచింది కూడా. అప్పుడు గోడవారన బీరయ్య మాసిక వేయడం ఆపి ఇటు చూస్తున్నాడని గమనించాడు. వెదురు బద్దల మధ్య నుంచి ఆ పాదం నల్లగా ఉబ్బి ఉంది.

"వద్దు మేస్త్రీ" అన్నాడు. "తాగినట్టు జేస్తేనే ఆ పిలగాని కాలు ఇరిగె. ఇగ ఉత్తుత్తగ గూడ తాగ. తాగనోని కాడ అణా ఎందుకు కోస్తవ్? నా అణా నాకియ్యి."

గంజ్‌లో అట్లా అడిగిన మనిషి అంతకు ముందు లేడు. అడిగాక చూస్తే చాలా చిన్న మాట. నలభై మంది ఆ చిన్న మాటను లోపల పెట్టుకుని నిలబడ్డారు. ఒకడు తన చేతిలోని దొప్పను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

అంజన్న కుండ కింద పెట్టాడు.

"అయితె నువ్వు జట్టుల లేవు. పో."

పాపయ్య పోలేదు. తలగుడ్డ చుట్టుకుని బస్తాల వరుస దగ్గరికి నడిచాడు. అంచున ఉన్న బస్తాకు వీపు తిప్పి, మోకాళ్లు వంచి, రెండు చేతులూ వెనక్కు పెట్టి మూతి పట్టుకున్నాడు. ఎంతటి హమాలీ అయినా రెండు మణుగులు తనంత తాను వీపుకు ఎత్తుకోలేడు. అటొకరు ఇటొకరు మూలలు పట్టి లేపాలి. లేపితేనే మోత, లేకుంటే వంగిన మనిషి వంగినట్టే ఉంటాడు.

"ఎవడన్న చెయ్యి వేసిండంటె ఆడు గూడ పోతడు" అన్నాడు అంజన్న.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఎండ వీపు మీద పడుతోంది. వంగి ఉన్న పాపయ్యకు మనుషులు కనిపించడం లేదు, నేల మీద పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. చాలా పాదాలు. అటూ ఇటూ బరువు మార్చుకుంటున్నాయి. తొడలు వణకడం మొదలుపెట్టాయి. లేచి నిలబడితే అయిపోయేది. అతను లేవలేదు.

ఎడమ వైపు బస్తా మూల కదిలింది. ఎవరో పట్టుకున్నారు. ఎవరో తెలియదు. ఆ మూల జానెడు పైకి లేచి, అక్కడే ఆగి, రెండో చేయి కోసం చూస్తోంది. కుడి మూల ఇంకా నేల మీదే ఉంది.