నేర్చుకున్న నొప్పి

దుప్పటి రెండు కొసలు ఆయన చేతిలో, రెండు కొసలు తోటి పనివాడు పొడుగాయన చేతిలో. దులిపి, బిగలాగి, ఎదురెదురుగా నడిచి కొసలు కలిపితే ఒక మడత. హోటలు లాండ్రీలో ఈ నడక నడిచీ నడిచీ ఆయన అసలు పేరు ఏనాడో ఉతుకుల్లో పోయింది. అందరికీ మడతల మామయ్యే.

ఈరోజు దుప్పటి బిగలాగినప్పుడల్లా గుండెల మీద ఎవరో మోకాలు మోపినట్టుంది. ఎడమ చెయ్యి వేళ్లదాకా తిమ్మిరి.

"ఏం మామయ్యా, పెళ్లినడక నడుస్తున్నావ్?" అన్నాడు పొడుగాయన.

"మధ్యాహ్నం డాక్టరు దగ్గరికెళ్లాలిగా. పాఠం తొణక్కుండా నడుస్తున్నా."

పాఠం కోడలిది. ఈ పరాయి దేశంలో డాక్టరమ్మకు ఇంగ్లీషు తప్ప రాదు, మామయ్యకు ఇంగ్లీషు ఒక్కటే రాదు. మధ్యలో కూర్చుని చెప్పాలంటే కొడుకు సెలవు పెట్టాలి. పోయినసారి పెట్టినందుకే ఆఫీసులో చీవాట్లు తిన్నాడు. అందుకని కోడలు కూరలు తరుగుతూ తనే డాక్టరై కూర్చుంది. మొదటి పాఠం తలనొప్పి. అది నోరు తిరిగేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

"గుండెలో నొప్పి అని ఎలా అనాలమ్మా?" అని నిన్న అడిగాడు.

"ముందు ఉన్నది సరిగ్గా రానివ్వండి మామయ్యగారూ. ఇంకోటి, అక్కడ మూగసైగలు చెయ్యకండి, నవ్వుతారు. చేతులు ఒళ్లో పెట్టుకోండి."

క్లినిక్‌లో చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. డాక్టరమ్మ మెడలో స్టెతస్కోపు ఊరికే వేలాడుతోంది. ఆమె ఏదో అడిగింది. ఆయన గొంతు సవరించుకుని అప్పజెప్పాడు.

"డాక్టర్, ఐ హావ్ ఎ హెడేక్."

"వెరీ గుడ్!" ఆమె ముఖం విప్పారింది. కళ్లలోకి లైటు వేసి చూసింది, కణతలు నొక్కింది. "ఎనీథింగ్ ఎల్స్?"

ఇదీ పాఠంలో ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లోంచి కాస్త లేచింది. కోడలు గుర్తొచ్చి దిగిపోయింది.

"నో, థాంక్యూ."

బయటికి రాగానే ఇంటికి ఫోను చేశాడు. "ఒక్క ముక్క తప్పు పోలేదమ్మా! వెరీ గుడ్ అంది."

"చూశారా! వచ్చే వారం గుండె నేర్పుతాను," అంది కోడలు.

లాండ్రీకి తిరిగొచ్చి డాక్టరమ్మ ఇచ్చిన తలనొప్పి మాత్ర ఒకటి మింగి, అట్ట జేబులో పెట్టుకున్నాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, పని చొక్కా తొడుక్కున్నాడు.

సాయంత్రం పొడుగాయన ఓ దుప్పటి దులిపి లాగాడు. అవతల బిగువు లేదు. దుప్పటంతా తన మీదికే వచ్చేసింది.

"వదిలేస్తావేంటి మామయ్యా, మళ్లీ ఉతకాలి!" అని విసుక్కుని, ఆ తర్వాత చూశాడు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ కోడలు ముక్కు చీదుకుంటూ ఒకటే చెప్పింది. "తలనొప్పి తప్ప ఇంకేం లేదని ఆయనే చెప్పారండీ. అదీ ఇంగ్లీషులో!"

మర్నాడు పొడుగాయనకు నిజంగానే తల పగిలిపోయింది. మేకుకున్న మామయ్య చొక్కా జేబు తడిమి, ఒక మాత్ర వేసుకున్నాడు. చప్పున తగ్గింది. మిగతా మాత్రల అట్టను మళ్లీ ఆ జేబులోనే పెట్టాడు.