మంచు సముద్రపు క్రిమి

ఉగాండాలో మా కారమోజా వైపు సముద్రం లేదు, మంచు అసలే లేదు. అయినా క్రిములను గుర్తుపట్టడానికి కంపాలా నుంచి దిగిన యంత్రం, నాచాప్ రక్తంలో మంచు సముద్రాల్లో బతికే క్రిమి ఉందని కాగితం కొట్టి మా చేతిలో పెట్టింది.

నాచాప్ ఆవులు కాసుకునే ఆడమనిషి. మూడు వారాలుగా జ్వరం, లేవలేనంత నడుంనొప్పి. మా ల్యాబులో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న లోమూరియా అదే క్రిమిని యూరియా ట్యూబులో వేశాడు. పావుగంటలో ట్యూబు గులాబీ రంగుకు తిరిగింది.

"ఇంత తొందరగా రంగు తిరిగిందంటే ఇది పచ్చిపాల జ్వరం. బ్రుసెల్లా. మా ఊళ్లో మేకనడిగినా చెబుతుంది."

యంత్రం పనితనం తేల్చడానికి వచ్చిన సెబూమా గారు నవ్వారు. "పెద్దాయనా, దీనికి రెండువేల క్రిముల పేర్లొచ్చు. మీ ట్యూబుకెన్నొచ్చు?"

"ఒక్కటేనయ్యా. ఈమెకున్నది అదే."

రూలు ప్రకారం మనిషికీ యంత్రానికీ మాట కలవకపోతే మళ్లీ యంత్రాన్నే అడగాలి. అడిగాం. అది అదే పాట పాడింది. "చూశారా, ఎంత నిలకడో!" అని సెబూమా గారు మురిసిపోతూ రాసుకున్నారు. కొత్త డాక్టరేమో యంత్రం కాగితంలో లేని జబ్బుకు మందు రాయడు. "బయటి క్రిమేదో నమూనాలో కలిసినట్టుంది. రేపు ఇంటికి పంపేద్దాం," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం అడుగున 'గమనిక' అని ఓ గడి ఉంటుంది. అందులో మనం ఏం కొడితే అదే అచ్చవుతుంది.

"కొట్టెయ్ నకీరూ, చూస్తావేం!" అన్నాడు లోమూరియా.

'బ్రుసెల్లా' అని కొట్టి సంతకం పెట్టాను. డాక్టరు వెంటనే ఆరు వారాల మందు రాశాడు. "యంత్రమంటే ఇదీ!" అని మెచ్చుకున్నాడు కూడా.

నాచాప్ లేచి నడిచింది. సెబూమా గారి నివేదిక మొదటి పేజీలో ఆమె ఫొటో వేశారు, కింద యంత్రానికి పొగడ్తలు. నేను వెళ్లి నిజం చెప్పాను.

"ఆ తప్పుడు కాగితం మీద సంతకం నీదేగా తల్లీ," అన్నారాయన చల్లగా.

యంత్రం మాకే ఉండిపోయింది. ఇక దండగని యూరియా ట్యూబులు తెప్పించడం మానేశారు. లోమూరియాను స్టోరుకు మార్చి దుప్పట్లు పంచే పని అప్పగించారు. అంతా నా చేతులతో నేనే చేశాను.

నిన్న పదేళ్ల పిల్ల జ్వరంతో వచ్చింది. యంత్రం మళ్లీ మంచు సముద్రమే అంది. ఆ క్రిమిని పెంచిన ప్లేటు మూతకు టేపు వేసి స్టోరుకు పరుగెత్తాను. లోమూరియా దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"అదేనా?" అన్నాను.

"ట్యూబు లేకుండా ఎలా చెప్పను? తెలియకపోయినా చెప్పేయడానికి నేనేమన్నా యంత్రాన్నా?"